తలుపు బయట చెప్పిన కథ

చేవెళ్ళ,
1938 నవంబర్ 14

తమ్ముడు స్వామిదాసుకు,

వారం దినాల సంది పొద్దుగాల మంచు పడుతున్నది. పొద్దు బారెడు ఎక్కినంక గాని జొన్నచేన్ల అడుగు పెట్టరాదు, చీర మోకాళ్ళ దాక తడుస్తది. పల్లికాయ పీకుడు నిన్నటితోటి అయిపోయింది. ఇయ్యాల పక్కింటి ముత్తమ్మ, నేను కల్లంల కూసొని కాయ తెంపినం. భూమి గట్టిపడ్డంక పీకినం గనుక సగం కాయ మట్టిలనే ఉండిపోయింది. ఈ ఏడు పంట ఎలుకలది.

మరదలు మేరీ పదిహేను దినాలు ఉండి ఇద్దరి పని ఒక్కతే చేసి పోయింది. పోయేటప్పుడు ఆమె కుడిచెయ్యి భుజం కాడ పట్టుకొని ఉండె, మీదికి లేవలేదు. ఇప్పుడు ఎట్ల ఉన్నదో అడిగి రాయి. నువ్వు అడుగవని తెలుసు. అయినా రాస్తున్న.

నా మోకాలికి మందుల సుక్కమ్మ మల్ల జీడి పెట్టింది. చాకలోళ్ళు బట్టల మీద గురుతు పెట్టే జీడిగింజనే. దాన్ని కాల్చి, నల్లరసం మూడు చుక్కలు పెడ్తది. ఎవరికి పెట్టినా మూడే, పొయ్యి రాళ్ళ లెక్క. రెండు దినాలు మంట, పొక్కులు, తర్వాత ఆర్నెల్లు సుఖం. పోయినేడు పెట్టిన చుక్కలు నెల తిరుగకముందే తెల్లగైనయి. నువ్వు నవ్వుతవు. నువ్వు నవ్వినందుకు నా మోకాలు నొయ్యదు.

మీ మిషను దొరసాని సెలవు మీద అమెరికా పోతున్నదని ఇక్కడి సంఘంల అనుకుంటున్నరు. పోయేముందు మీ బడి పెంకులు సర్దిపిస్తదా, లేక ప్రార్థన చేసి పోతదా?

అక్క
ధనమ్మ


మొయినాబాద్,
1938 నవంబర్ 29

అక్కకు,

నీ ఉత్తరం అందింది. జీడి సంగతి చదివి నవ్వలేదు, సిగ్గుపడ్డ. ఇంటింటికి తిరిగి వాక్యం చదివి చెప్పే మనిషివి నువ్వు. సుక్కమ్మ లాంటి ముసలిదానికి కాలు చాపి తోలు కాల్చుకుంటున్నవు. ఆమెకు అక్షరం రాదు, గడియారం చూడరాదు. ఈ ఊర్ల జనం ఎందుకు బాగుపడరో నాకు ఇరువై ఏండ్ల సంది తెలియలేదు. ఇప్పుడు తెలుస్తున్నది.

దొరసాని పోయింది. పోతూ నాకు ఒక పెట్టెడు పుస్తకాలు ఇచ్చింది. అందులో అట్ట ఊడిపోయిన ఒకటి ఉన్నది. అమెరికావాళ్ళు నూరేండ్ల కింద రాసుకున్న కథలు. వాటిలో ఒకటి తెలుగు చేసి మిషను పత్రికకు పంపుమని చెప్పింది. రోజు బడి అయినంక చదువుతున్న.

అక్కా, ఇవి మన దయ్యాల కథలు కావు. మనోళ్ళకు దయ్యం చింతచెట్టు మీద ఉంటది, కొరడా తీస్తే పోతది. వీళ్ళకు దయ్యం ఇంటి లోపల, రక్తం లోపల ఉంటది. ఒక కథలో ఒక పెద్ద మిల్లు. దాని యజమాని తాత ఎప్పుడో ఒక కూలివాన్ని కాలువలో ముంచి చంపుతడు. కొడుక్కు, మనుమనికి, ముని మనుమనికి రోజు నేల కింద నీళ్ళ చప్పుడు వినబడుతది. చివరివాడు నేల తవ్వి చూస్తే పొడిమట్టి. అయినా చప్పుడు ఆగదు. ఇంకొక దానిలో ఒక పాదిరి తన తోటలో ఒక పెట్టె పాతి దాని మీద ప్రతి ఏడు పూలచెట్టు నాటుతడు. పెట్టెలో ఏమున్నదో కడదాక చెప్పరు. వెలుగు ఎక్కడ ఉండదు. మంచివాడని పేరున్న మనిషి లోపలనే చీకటి మొత్తం ఉంటది. తాతలు చేసింది మనుమల ఒంటి మీద తేలుతది. చదివినంక పక్కన కూసున్న మనిషిని కూడ కొత్తగ చూడబుద్ధి అయితది.

మేరీ కింద రెండు ముక్కలు రాస్తదట, ఎప్పటి లెక్కనే. నేను చూడను, ఆడోళ్ళ మాటలు మీకే ఉండని.

స్వామిదాసు

వదినె, చెయ్యి మంచిగ లేస్తున్నది. నీళ్ళ బిందె ఎత్తుతున్న. ఆయనకు చెప్పలేదు. మీరు కూడ చెప్పకుండ్రి, నెల దినాలు నవ్వుతడు. మేరీ.


చేవెళ్ళ,
1938 డిసెంబర్ 12

తమ్ముడా,

కంది కోతకొచ్చింది. చలికి వేళ్ళు పగులుతున్నయి. రాతకు పనికిరావు గాని నీకు జవాబు చెప్పకుంటే వేళ్ళు ఇంకా మండుతయి.

నీ అమెరికా కథలు ముత్తమ్మకు చెప్పిన. ఆమె అడిగింది, ఆ మిల్లు ఇంట్ల ఎన్ని అర్రలు ఉంటయి అని. పన్నెండు ఉంటయేమో అన్న. ఎందరు మనుషులు అన్నది. ఒక్కడే అన్న. ఒక్కనికి పన్నెండు అర్రలు ఉంటే చప్పుడు వినబడక ఏం చేస్తది, అన్నది.

నాకు ఇంకొకటి తోచింది. మునిగి సచ్చిన కూలివానికి పేరు ఉన్నదా ఆ కథలో? వాని పెండ్లాం, పిల్లలు ఏమైండ్రు? రాయలేదు కద. ముంచినోని మనుమనికి నిద్ర పట్టలేదని మాత్రం నూరు పేజీలు రాసిండ్రు. మా గూడెంల పది మందికి నిద్ర పట్టకుంటే ఎవ్వరు పుస్తకం వెయ్యరు. తిండికి కొదువ లేని మనిషి తన భయాన్ని తనే పెంచుకుంటడు, మేకపిల్లను పెంచుకున్నట్టు. తెలుగు చేసి మనోళ్ళకు పెడతనంటవు. మనోళ్ళకు ఉన్న భయాలు చాలవా?

క్రిస్మస్‌కు ఇద్దరు రండి. ఆదివారం వచ్చింది పండుగ. మేకపోతును కోస్తున్నరు సంఘంల. మేరీకి తలకాయ కూర ఇష్టం, దాచిపెడ్త.

మేరీ రాసిన రెండు ముక్కలు చదివి మనసు నిమ్మళమైంది.

ధనమ్మ


మొయినాబాద్,
1938 డిసెంబర్ 30

అక్కకు,

పండుగకు రాలేకపోయినం. మేరీకి పడిశం. బస్సుల వచ్చే స్థితిలో లేదు. ఇక్కడి ఆరాధనకు కూడ నేను ఒక్కనే పోయిన.

నువ్వు ఆ కథలను గురించి రాసింది చూసిన. పాలు పిండుడు, కంది కోసుడు తెలిసిన మనిషి తూకం అట్లనే ఉంటది. ఆ రచయితలు చూసింది మనిషి లోతు. లోతు అంటే నీకు బాయి లోతే గుర్తుకొస్తది. నేను తప్పు పట్టను, నీకు చదువు ఐదో తరగతితో ఆగింది.

రెండు సంగతులు అడుగుతున్న, సూటిగ జవాబు రాయి. శంకర్‌పల్లి కాడి ప్రొద్దుటూరులో మేరీ తాతకు వేళ్ళు లేకుండె అని పెండ్లినాడు ఎవరో అన్నట్టు యాదికున్నది. నిజమేనా? ఏం రోగం?

రెండోది, మేరీ అక్కడ ఉన్నప్పుడు సుక్కమ్మ ఆమెకు ఏమైనా మందు గిందు పెట్టిందా? ఆలోచించి రాయి. ఊరికే అడుగుతున్న.

స్వామిదాసు


చేవెళ్ళ,
1939 జనవరి 9

తమ్ముడా,

తలకాయ కూర కుక్క తిన్నది. మేరీ కోసం దాచిన, రెండు దినాలు చూసిన.

మేరీ తాతకు ఎడమచేతి రెండు వేళ్ళు లేకుండె. చెరుకు గానుగల పడి పోయినయి. గానుగ తిప్పే ఎద్దు బెదిరింది, చెయ్యి లోపలికి పోయింది. నాకు అప్పుడు పదేండ్లు, ప్రొద్దుటూరుకు చుట్టపుతనానికి పోయి నా కండ్లతోటి చూసిన. ఆ దినం బెల్లం పారబోసిండ్రు. మిగిలిన ఎనిమిది వేళ్ళతోటి ఆయన ముప్పై ఏండ్లు నాగలి పట్టిండు. రోగం అని ఎవడు అన్నడో వాన్ని నా దగ్గరికి తోలు.

సుక్కమ్మ సంగతి. మేరీ ఆమె జోలికి పోలేదు. జీడి నా మోకాలికే. నీకు నవ్వనీకి నా మోకాలు చాలదా, మేరీని కూడ పట్టుకొస్తున్నవు?

మేరీ రెండు ముక్కలు ఈసారి లేవు. పడిశమైతే ముక్కు పట్టుకుంటది గని చెయ్యి పట్టుకోదు కద. రాయుమను.

ధనమ్మ


మొయినాబాద్,
1939 ఫిబ్రవరి 20

అక్కకు,

నీ జవాబు అందింది. సూటిగ రాసినందుకు మంచిది. దానివల్ల నాకు ఒక సంగతి తేలింది.

మేరీ ప్రొద్దుటూరులో ఉన్నది. వాళ్ళ అమ్మకు బాగలేదని పోయింది. ఎప్పుడు వచ్చేది తెలియదు. అందుకే ముక్కలు లేవు.

ఆ పుస్తకంలో కథ ఒకటి తెలుగు చేసిన. మొన్ననే పత్రికకు పంపిన. నీకు క్లుప్తంగ చెప్త, లోతు అంటే ఏమిటో తెలుస్తది. సామాన్లు మన దేశపువి పెట్టిన, చదివేటోళ్ళకు అర్థం కావాలె కద.

ఒక చిన్న ఊర్ల ఒక పంతులు. నిదానస్తుడు, అందరు గౌరవించేటోడు. అతని భార్య ఒకనాడు తలంటుకుంటుంటే ఆమె కుడి భుజం కింద తెల్లమచ్చలు కనబడుతయి. మూడు. పక్కపక్కన, పొయ్యి రాళ్ళ లెక్క. పంతులుకు తెలుసు, ఆమె తాతకు వేళ్ళు లేవు. రక్తంలో ఉన్నది ఒకనాటికి తోలు మీదికి వస్తది. అది పెద్దరోగం, కుష్టు. బయట తెలిస్తే బడి పోతది, ఆమెను ఊరు దాటిస్తరు. ఆమెను అడుగుతడు. అది ఒక ముసలిదాని మందు వల్ల అని ఆమె అంటది. పంతులు న్యాయం తెలిసిన మనిషి, విచారిస్తడు. అట్లాంటి మందు ఏదీ పెట్టలేదని నమ్మదగిన మనిషి ఒకరు సాక్ష్యం చెప్తరు. అంటే ఆమె దాస్తున్నది. పంతులు సూది తెచ్చి మచ్చ మీద గుచ్చుతడు. ఆమె కదలదు. ఆ రోగానికి అదే గురుతు, సూది తెలియదు.

అప్పుడు పంతులు ఆమెను ఇంటి ఎనుక అర్రలో ఉంచుతడు. తలుపుకు అడ్డం గింజలు పోసే ఖాళీ గుమ్మి పెడ్తడు, చూసినోళ్ళకు అక్కడ తలుపు ఉన్నట్టు తెలియదు. కింది సందులనుంచి పళ్ళెం తోస్తడు. రోజు మాపటికి బయట కూసొని ఆమెకు కీర్తనలు చదివి వినిపిస్తడు. ఊరంత అతన్ని చూసి ఒంటరివాడైనా ఎంత ఓర్పు అనుకుంటరు. ఆమెను దూరపు దవాఖానాకు పంపకుండ తన ఇంట్ల ఉంచుకున్నది ప్రేమతోనే. కాని ఆ ప్రేమ లోపల ఎంత చీకటి ఉన్నదో చూడు. అదే ఆ రచయితల గొప్ప.

చివర ఇంకా కుదరలేదు. చూద్దాం.

స్వామిదాసు


చేవెళ్ళ,
1939 మార్చి 13

స్వామిదాసూ,

నిన్న ఆదివారం మేరీ అన్న సాముయేలు ప్రొద్దుటూరు నుంచి ఆరాధనకు వచ్చిండు. నేను మీ అమ్మకు ఎట్ల ఉన్నదని అడగకముందే, మా చెల్లె ఎట్ల ఉన్నది, క్రిస్మస్ సంది మతలబు లేదు అని ఆయన నన్ను అడిగిండు. వాళ్ళ అమ్మ మంచిగ ఉన్నది. సంతకు నడిచి పోతున్నది.

ఇంటికొచ్చి నీ ఫిబ్రవరి ఉత్తరం మల్ల చదివిన. మొదటిసారి చదివినప్పుడు అమెరికాల కూడ గుమ్మి ఉంటదా అని నవ్విన. నీ మీద నవ్వుకుంట మూడు వారాలు కూసున్న. అందుకు నా చెంప మీద నేనే కొట్టుకోవాలె.

మూడు చుక్కలు సుక్కమ్మవి. పల్లికాయ పీకుడు అయిననాడు మా ఇంట్ల, నా ఎదురుగ, మేరీ భుజానికి పెట్టింది. చెయ్యి నేనే పట్టుకున్న. నీకు చెప్పొద్దని మేరీ బతిమిలాడింది, నువ్వు నెల దినాలు నవ్వుతవని. సరే అన్న. నువ్వు అడిగితే పెట్టలేదని రాసిన. అబద్ధం. నీ నవ్వు నుంచి ఆమెను కాపాడిన అనుకున్న.

నీ కథలో నమ్మదగిన మనిషిని నేనే. భార్య నిజం చెప్తే నమ్మలె, అక్క అబద్ధం రాస్తే నమ్మినవు. ఇరువై ఏండ్లు పిల్లలకు చదువు చెప్పినోనివి, నీ ఇంటికి ఇరువై మైళ్ళలో ఉన్న ముసలిదాన్ని పోయి అడుగ చేతకాలేదు. అట్ట లేని పుస్తకాన్ని అడిగినవు.

తలుపు తియ్యి. తియ్యకున్నా గురువారం బస్సుకు వస్తున్న.

ధనమ్మ


మొయినాబాద్,
1939 మార్చి 18

అక్కకు,

మొన్న నువ్వు చేసిన పని గురించి రాయక తప్పదు.

బస్సు దిగి వచ్చి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పక్కింటి నర్సింహులును పిలిచి నా ఇంట్ల గుమ్మి జరిపించినవు. నేను తాళంచెవి తేవటానికి పోయిన, ఇచ్చేటోన్నే. అంతలోపట గొళ్ళెం ఊడగొట్టించినవు. వాకిట్ల పదిహేను మంది పోగైండ్రు. మేరీని ఎండల కూసొబెట్టి అందరు చూస్తుండంగ రవికె చెయ్యి మీదికి జరిపి, నీ మోకాలు ఆమె భుజం పక్కన పెట్టి చూపించినవు. ఒక బైబిలు స్త్రీ నడిబజార్ల మోకాలు చూపించవచ్చునా? బడి పిల్లలు కూడ చూసిండ్రు. ఇప్పుడు వాళ్ళు పొయ్యి రాళ్ళ బొమ్మ గీసి నవ్వుతున్నరు.

నేను ఆమెను కొట్టలేదు. తిట్టలేదు. రెండు పూటల తిండి పెట్టిన. నేను తినే బియ్యమే పెట్టిన. దవాఖానాకు పంపితే ఏమయ్యేదో నీకు తెలుసు, అక్కడికి పోయినోళ్ళు తిరిగి రారు. రెండు నెలలు నేను కూడ ఆ ఇంట్లనే ఉన్న. నాకు మాత్రం సుఖమా?

మొదటి తప్పు ఎవరిదో నువ్వే ఒప్పుకున్నవు. నువ్వు నిజం రాసి ఉంటే ఇదేదీ జరుగకుండె.

ఈస్టరు అయినంక మేరీని పంపు. పెద్దపంతులు అడుగుతున్నడు, ఆరోగ్యం బాగాలేక అక్క దగ్గర ఉన్నదని చెప్పిన. నువ్వు కూడ అదే చెప్పు.

స్వామిదాసు


చేవెళ్ళ,
1939 ఏప్రిల్ 17

స్వామిదాసూ,

ఎండలు ముదిరినయి. చింతపండు కొట్టుడు నడుస్తున్నది. వాకిలంత గింజలు, ఈగలు. మేరీ నీడల కూసొని కొడుతున్నది. మొదటి పది దినాలు ఎండల కండ్లు తెరువలేకపోయింది, చెంగు కప్పుకొని కూసున్నది. ఇప్పుడు కొద్దిగ నయం. అర్రలోకి పోదు, పడుకొనుడు వాకిట్లనే.

ఈస్టరు ముందటి వారం సాముయేలు, నేను ఆమెను ఆ పెద్దరోగం దవాఖానాకే తీసుకపోయినం, సందేహం ఎవ్వరికి మిగలకుండ. అక్కడి డాక్టరు మేరీ చెయ్యి చూసి, నా మోకాలు చూసి, పెట్టిన మనిషి ఒకరేనా అన్నడు. రోగం లేదు అని కాయితం రాసి ఇచ్చిండు. అది నా పెట్టెల ఉన్నది, నీకు పంప. నువ్వు దాన్ని కూడ ఏదో కథల పెడ్తవు. అక్కడికి పోయినోళ్ళు తిరిగి రారని రాసినవు. వాకిట్ల తోటపని చేస్తున్న వాళ్ళు, బువ్వ వండుతున్న వాళ్ళు, బట్టలు నేస్తున్న వాళ్ళు కనబడ్డరు. తలుపులన్ని బార్ల తెరిచి ఉన్నయి. నయమై ఇంటికి పోతున్న ఒకామె మాతోటే బండెక్కింది.

మేరీ నీ ఉత్తరాలు చదువుతనన్నది. ఇచ్చిన. ఫిబ్రవరి ఉత్తరం రెండుసార్లు చదివింది. చింతగింజలు ఏరుకుంట కూసున్నది. తర్వాత నేనే అడిగిన, సూది గుచ్చితే కదలలేదని రాసిండు కద, నిజంగనే తెలియలేదా అని.

“తెలిసింది వదినె. ఎంత లోతుకు గుచ్చుతడో చూస్తున్న,” అన్నది.

అంతే అన్నది. ఇంకొకటి అడిగితే జవాబు ఇచ్చింది. కీర్తనలు చదివిండట కద అంటే, ఒకే కీర్తన రెండుసార్లు చదువుతుండె, పేజీ తప్పి, అన్నది. లోపల నుంచి చెప్తే వినలేదట.

నువ్వు అన్న మాట నిజమే, మొదటి తప్పు నాది. నేను మేరీ ముందు చెప్పుకున్న. తెల్లారి ఆమె నా మోకాలికి నూనె రాసింది. రెండో తప్పు నీది. నువ్వు ఇంకా చెప్పుకోలె. పెద్దపంతులుకు ఏం చెప్పాలెనో మాత్రం నేర్పుతున్నవు.

నీ పుస్తకం గురించి నాకు తోచింది చెప్త, ఇగ మల్ల రాయ. లోతు ఉన్నది, కాదనను. మంచి పేరున్న మనిషి లోపల చీకటి ఉంటదన్నది నిన్ను చూసినంక నమ్మిన. కాని నువ్వు చెప్పిన కథలన్ని తలుపు బయట ఉన్నోడు చెప్పినవే. వాని గుండె ఎట్ల కొట్టుకున్నది, వానికి నిద్ర ఎట్ల పట్టలె. లోపల ఉన్న మనిషి సూదికి కదలలేదని రాస్తరు, ఎందుకు కదలలేదో అడుగరు. నూరేండ్ల కింద వాళ్ళకు తోచలేదంటే నాకేం బాధ లేదు. నువ్వు పళ్ళెం తోసిన సందు జానెడు. ఆ జానెడులకెళ్ళి ఒకసారి అడిగితే అయిపోయేది.

ధనమ్మ


మొయినాబాద్,
1939 జూన్ 5

అక్కకు,

నెలన్నర చూసిన. మేరీ రాలేదు, ముక్క లేదు. బడి సెలవులు అయిపోయినయి. ఇంట్ల వంట నేనే చేసుకుంటున్న. జనం మొఖం మీద ఏమనరు, కాని బాయి కాడ ఆడోళ్ళు నేను పోంగనే మాట ఆపుతరు. చదువు లేని జనం, వాళ్ళతోటి నాకేం పని.

ఎనుక అర్ర తలుపు పీకించిన. దాన్ని బడికి ఇచ్చిన, నల్లబల్లకు ఆసరగ పెట్టుకున్నరు. అర్రకు సున్నం ఏపించిన. కిటికీ పెట్టిపిస్త. ఇది మేరీకి చెప్పు.

నువ్వు రెండో తప్పు అన్నవు. రాస్తున్న. నాకు భయమైంది. పుస్తకం చదువకముందు కూడ నాకు భయమే ఉండె, బడి పోతదని, జనం ఏమంటరని. పుస్తకం చదివినంక ఆ భయానికి పెద్ద పేరు దొరికింది. మేరీ మొదటినాడు జీడి అని చెప్పినప్పుడు నాకు కొద్దిగ నమ్మకం కలిగింది. సుక్కమ్మ మందు నా ఇంటికి వచ్చిందని ఒప్పుకునే బదులు రోగమని నమ్ముడే నాకు సులువైంది. దీనికంటె ఎక్కువ నాకు రాయ చేతకాదు.

పత్రికవాళ్ళ ఉత్తరం వచ్చింది. ఆ పుస్తకం వాళ్ళ దగ్గర కూడ ఉన్నదట. నేను పంపిన కథ అందులో లేదని, ఇది నా సొంతమని గుర్తుపట్టిండ్రు. నా పేరుతోనే వేస్తరట. అయితే చివర లేదని అడిగిండ్రు. అర్రలో ఉన్న ఆమె చనిపోయినట్టు, పంతులు పిచ్చివాడైనట్టు ముగిస్తే ఆ కథల పద్ధతికి సరిపోతదని రాసిండ్రు. నాకు చెయ్యి రాలేదు. నువ్వైతే ఎట్ల ముగిస్తవు? వెక్కిరింపు కాదు, అడుగుతున్న.

వచ్చే 18 ఆదివారం పొద్దుగాల బస్సుకు వస్తున్న. ఆరాధన అయినంక మేరీని తీసుకొని మాపటి బస్సుకు తిరిగి వస్తం. ఆమెకు ముందే చెప్పి సిద్ధంగ ఉంచు.

నీ తమ్ముడు
స్వామిదాసు


చేవెళ్ళ,
1939 జూన్ 12

తమ్ముడా,

శనివారం మొదటి వాన పడ్డది. జానెడు లోతు తడిసింది. ఇయ్యాల పొద్దుగాల నుంచి దున్నుతున్నరు. జొన్న ఇత్తనం ఏరి పెట్టినం, ఇంకొక వాన పడితే ఎయ్యాలె. మోకాలు మల్ల పట్టుకున్నది. సుక్కమ్మను పిలిపించిన.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. మేరీకి చదివి వినిపించిన. సున్నం, కిటికీ సంగతి విన్నది. భయమైంది అన్న కాడ మల్ల చదువుమన్నది, చదివిన. నిజమే రాసిండు అన్నది. పోతనని అనలె.

ఏప్రిల్‌ల దవాఖాన చూసి వచ్చినప్పుడే అక్కడి నర్సమ్మ ఆమెను పనికి వస్తవా అని అడిగిందట. నాకు అప్పుడు చెప్పలె. మే నెలల ఆమే ఉత్తరం రాసుకున్నది, జవాబు వచ్చింది. వార్డుల పని, ఉండనీకి చోటు. ఆ రోగం లేదని ఇంత కొట్లాడి బయటపడితివి, మల్ల వాళ్ళ నడుమకే పోతవా అన్న. అక్కడ సూది గుచ్చేముందు చెప్పి గుచ్చుతరు వదినె, చూసిన కద అన్నది.

పత్రికవాళ్ళ కథకు నేను చివర చెప్పలేను. నాకు ఆ పద్ధతి రాదు. ఆదివారం నువ్వు రావచ్చు, నా ఇల్లు నీకు మూసి లేదు. బువ్వ వండుత. ఒక్కనికే వండుత.

మేరీ ఇయ్యాల సోమవారం, తెల్లారంగనే సాముయేలు బండిల శంకర్‌పల్లి పోయింది. రైలు ఎనిమిదిన్నరకు. సాముయేలు పదకొండింటికి తిరిగి వచ్చిండు.

ధనమ్మ